పోయిన పూట కూలి

సోమవారం పొద్దున్నే ఎడిటరుగారి ఫోను: "రగ్బీ మీద బతికే ఆటగాడి జీవితం, ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి నా బల్ల మీదుండాలి." వినుకొండలో కూర్చుని రగ్బీ! మా మైదానంలో కనిపించేవి క్రికెట్ వికెట్లు, చెడుగుడు గీతలు. కోడిగుడ్డులాంటి ఆ బంతిని చేత్తో ముందుకు విసరకూడదట. వెనక్కో పక్కకో అందిస్తూ మనిషి మాత్రం ముందుకు దూసుకుపోవాలట.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1823లో రగ్బీ అనే ఊరి బడి పిల్లాడొకడు బంతి చంకనపెట్టుకుని పరుగెత్తాడన్నది కథ, నమ్మకపోయినా ఫరవాలేదు. 1871లో ఇంగ్లండులో ఆటను నడిపే రగ్బీ యూనియన్ పుట్టింది. డబ్బు పుచ్చుకోవడం ఆటకు తప్పన్నారు. అంతే.

నన్ను పట్టుకున్నది 1893 సెప్టెంబరు 20 నాటి తీర్మానం. లండన్‌లో యూనియన్ సమావేశం. ఇంగ్లండు ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్ ప్రతినిధులు అడిగింది జీతం కాదు. ఆటకు వెళ్లినందుకు నిజంగా పని పోయిన ఆటగాడికి ఆ పోయిన కూలి ఇప్పించమన్నారు. ఉత్తరాది జట్లలో గని కార్మికులు, మిల్లు కూలీలు ఎక్కువ. శనివారం మధ్యాహ్నం దాకా మిల్లులో ఉండాల్సినవాడు పొరుగూళ్లో ఆటకు పొద్దున్నే బండెక్కితే ఆ పూట కూలి గోవిందా. మిరపకాయ కోతలప్పుడు ఒక పూట మానితే ఏం పోతుందో మా పల్నాడువాళ్లకు లెక్క చెప్పనక్కర్లేదు.

ఓటింగులో తీర్మానం ఓడిపోయింది: 136 మంది అవునన్నారు, 282 మంది కాదన్నారు. కాదన్నవాళ్లలో ఎక్కువమందికి శనివారం కూలి బెంగ లేదు. డబ్బు తగిలితే ఆట చెడిపోతుందన్నది వారి వాదన. నాకు ఆ వాదన మీద గౌరవం లేదు.

రెండేళ్ల తర్వాత, 1895 ఆగస్టు 29న, హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు వేరుపడ్డాయి. పోయిన పనికి రోజుకు ఆరు షిల్లింగులు దాటకుండా ఇవ్వాలని కట్టుబాటు పెట్టుకున్నాయి. ఆ పక్షాన ఆడినవాడికి యూనియన్ తలుపులు మూసేసింది. సరిగ్గా 30 రోజులకు, సెప్టెంబరు 28న, ఈ వినుకొండ గడ్డ మీద అంటరానితనాన్ని ఎదిరించిన కవి గుర్రం జాషువా పుట్టాడు. చెమటకు విలువ కట్టమంటే మైల అనే మాట ఆయన ఊరివాళ్లం మాకు కొత్త కాదు.

ఆ తలుపు తెరుచుకోవడానికి వందేళ్లు పట్టింది. 1995 జూన్ 18న ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ కుర్రాడు జోనా లోమూ, వయసు 20, ఇంగ్లండు మీద నాలుగు ట్రైలు చేశాడు. ట్రై అంటే ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించడం. ఒకసారైతే అడ్డొచ్చిన మైక్ క్యాట్‌ను తొక్కుకుంటూ వెళ్లాడు. కాగితం మీద ఆ రోజుకింకా యూనియన్ ఆటకు జీతం లేదు. ఆగస్టు 26న పారిస్‌లో ఆ నిషేధం ఎత్తేశారు. లోమూ న్యూజిలాండుకు 63 టెస్టులు ఆడి 37 ట్రైలు చేశాడు. మూత్రపిండాల జబ్బుతోనే ఆడాడు, 2004లో మార్పిడి చేయించుకున్నాడు, 2015లో 40 ఏళ్లకు పోయాడు.

బాక్సు: మిగిలిన ముక్కలు

కలకత్తాలో రగ్బీ క్లబ్బు మూతపడితే ఖాతాలోని వెండి రూపాయలు కరిగించి కప్పు చేయించారు. పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండు, స్కాట్లండ్ ఇప్పటికీ దానికోసం కొట్టుకుంటాయి.

మలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కిన కథను 2017లో సినిమాగా తీసిన నటుడు రాహుల్ బోస్ భారత రగ్బీ జట్టుకు ఆడినవాడే.

2025 జూన్‌లో ముంబయిలో ఏడుగురేసి ఆడే రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్.

పాఠకులకు ఒక మనవి. సంక్రాంతికో తిరునాళ్లకో పొరుగూరు వెళ్లి చెడుగుడు ఆడిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, ఆ రోజు కూలి ఎవరిచ్చారో అడిగి ఒక ఉత్తరం రాయండి.