ఆవర్జా ఎవరి దగ్గర?

ఇప్పుడు కోయంబత్తూరులో కలిసిపోయిన పీళమేడు ఒకప్పుడు తెలుగు రైతుల పల్లె. ఆ తర్వాత మిల్లులొచ్చాయి, మోటారు పంపులొచ్చాయి. వ్యాపారం పెట్టిన ఇళ్లలో మాట తెలుగు, రాత తమిళం, ఆర్డరు ఇంగ్లీషు. ఏ భాషలో రాసినా గుమాస్తా పద్ధతి ఒక్కటే: రోజువారీ చిట్టాలో పడ్డ పద్దు సాయంత్రానికి ఖాతాల పుస్తకమైన ఆవర్జాకెక్కాలి, ఎక్కాక పక్కన టిక్కు పడాలి.

1996 మార్చిలో అమెరికాలో అమ్మకానికొచ్చిన పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్‌లో కూర్చున్నదీ ఈ గుమాస్తానే. దాని రూపకర్త జెఫ్ హాకిన్స్ ముందుగా అదే కొలతకు చెక్కముక్క కోయించి జేబులో వేసుకు తిరిగాడు. ఎవరైనా కలుద్దామంటే దాన్ని తీసి, పుల్లతో రాస్తున్నట్టు నటించేవాడట. చవక మోడల్ మెమరీ 128 కిలోబైట్లు, తిండి రెండు సన్న పెన్సిల్ సెల్లులు. కంప్యూటర్‌కు తగిలించిన స్టాండులో నిలబెట్టి ఒక్క బటన్ నొక్కితే రెండువైపులా లెక్క కుదిరేది, అదే సింక్.

కిటుకు చిన్నదే. ప్రతి పద్దుకూ ఒక నంబరు, పక్కన ఒక గుర్తు. పద్దును మార్చినా కొట్టేసినా గుర్తు పడుతుంది. సింక్ అయ్యాక చెరిగిపోతుంది. గుమాస్తా టిక్కుకు తిరగేసిన రూపం, అంతే. అదే పామ్‌ను ఆఫీసులో ఒక కంప్యూటర్‌కు, ఇంట్లో మరోదానికి తగిలిస్తే గుర్తుల్ని నమ్మే వీలుండదు కనుక పద్దులన్నీ మొదటినుంచీ పోల్చుకునేది. ఒకే పద్దు ఇక్కడొకలా, అక్కడొకలా మారితే రెండింటినీ ఉంచేసేది. ఎవరిది ఒప్పో తేల్చడం తన పని కాదని తెలిసిన యంత్రం! ఆ తెలివి తర్వాతి యంత్రాలకు కాస్త తగ్గింది.

1997 మోడల్‌తో మెయిల్ కూడా ఇలాగే జేబులోకి దిగింది. చిక్కు అక్కడే మొదలైంది. 1984 నాటి పాప్ పద్ధతిలో ఉత్తరాన్ని సర్వర్ నుంచి ఇంటికి తెచ్చుకుంటాం. మామూలుగా అక్కడ కాపీ మిగలదు. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన ఐమ్యాప్‌లో ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, చదివామన్న గుర్తూ అక్కడే పడుతుంది. ఆవర్జా నడిమింట్లో పెట్టి, ఎవరి చిట్టా వారి చేతికిచ్చినట్టు. 1999లో మెయిల్‌తో వచ్చిన బ్లాక్‌బెర్రీ తొలినాళ్లలో మరో దారి తొక్కింది. ఆఫీసు కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్ ఒకటి ఉత్తరాల్ని జేబుకు తోలేది. ఆ కంప్యూటర్ ఆగితే జేబు ఖాళీ. కరెంటు కోతలతో ఏళ్లపాటు వేగిన కోయంబత్తూరు కార్ఖానాలకు సరిపడే ఏర్పాటు కాదది.

ఉత్తరం నడుమ ఆగి ఎదురుచూడటంలో ఎంత మేలుందో మదురై పక్కన మేలూరు పల్లెల్లో తెలిసింది. 2001లో అక్కడ మద్రాసు ఐఐటీ తయారుచేసిన కార్‌డెక్ట్ వైర్‌లెస్‌తో ఇంటర్నెట్ కియోస్కులు వెలిశాయి. వేగం సెకనుకు 35 నుంచి 70 కిలోబిట్లు. ఫోన్‌లో సినిమాలు చూసేవాళ్లకు నవ్వొచ్చేంత. అయినా ఆ సన్నదారిలోనే కియోస్కు నడిపేవాళ్లు వెబ్‌క్యామ్‌తో రోగి కన్ను ఫొటో తీసి మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి మెయిల్ చేసేవారు. డాక్టరు ఆ క్షణాన కుర్చీలో ఉండక్కర్లేదు. జవాబొచ్చాకే బస్సెక్కాలో అక్కర్లేదో తేలేది. పంట తెగుళ్ల ఫొటోలు మదురై వ్యవసాయ కళాశాలకూ ఇలాగే వెళ్లేవి.

అరవింద్‌ను 1976లో 11 పడకలతో పెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిది ఎట్టయాపురం దగ్గరి వడమలాపురం. తెలుగు ఊళ్లు విస్తారంగా ఉన్న నల్లరేగడి సీమ అది. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా కంటి ఆపరేషన్లు చేసిన మనిషి ఆయన.

మేలూరు కియోస్కుల తర్వాత, బర్కిలీ పరిశోధకుల సాయంతో తేని ప్రాంతపు అరవింద్ కంటి కేంద్రాలకు దూరపు వైఫై వేశారు. మెయిల్ పోయి వీడియో వచ్చింది: రోగి, డాక్టరు ముఖాముఖి. ఈ దారికి అసలు శత్రువు దూరం కాదు, పల్లె కరెంటు. ఓల్టేజి ఒక్కసారిగా ఎగసి రౌటర్ బోర్డుల్ని కాల్చేసేది.

మళ్లీ ఆవర్జా సంగతికొస్తే, మీ మెయిల్ ఇంకా పాప్‌లోనే నడుస్తుంటే, కంప్యూటర్‌నో ఫోన్‌నో మార్చేముందు సెట్టింగుల్లోకి వెళ్లి, సర్వర్‌లో కాపీ ఉంచమనే చోట టిక్కు పడి ఉందో లేదో చూసుకోండి.