పర్ణశాల ఘట్టాలు (తెలుగు ప్రణయ హాస్యకథలలో)

రామాయణంలోని అరణ్యకాండలో పర్ణశాల ముంగిట జరిగిన మూడు ఘట్టాలు, అనగా శూర్పణఖ తన ప్రేమను చెప్పుకొనుట, బంగారు లేడి, సన్యాసి వేషంలో రావణుడు వచ్చుట, తెలుగు ప్రణయకథల మీద ఎంతో ప్రభావం చూపాయి. ఆడది ముందుగా ప్రేమను బయటపెడితే నవ్వులపాలగుట, మగవాడు మారువేషంతో ప్రేమను సాధించుట, స్త్రీకి ఒక గీత గీసి అది దాటితే కలిగే కష్టానికి ఆమెనే బాధ్యురాలిని చేయుట అనే మూడు పోకడలు సినిమాలలోను, నవలలలోను, టెలివిజన్ ధారావాహికలలోను మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. అన్నీ రామాయణం చూసి వ్రాసినవని చెప్పలేము. కాని ఆ కథ తెలియని తెలుగు రచయితగాని, ప్రేక్షకుడుగాని అరుదు.

పర్ణశాల

పర్ణశాల గ్రామం తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున, భద్రాచలానికి సుమారు 35 కి.మీ. దూరంలో ఉన్నది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. వనవాసకాలంలో సీతారామలక్ష్మణులు ఇక్కడ కుటీరం నిర్మించుకొని నివసించారని స్థానికుల విశ్వాసం. మహారాష్ట్రలోని నాసిక్ వారు పంచవటి తమదేనంటారు. ఇక్కడి సీతమ్మ వాగు దగ్గర బండల మీది చారలను సీతమ్మ ఆరవేసిన నారచీరెల గుర్తులని చూపిస్తారు. బంగారు లేడి, భిక్ష కోసం వచ్చిన రావణుడు మొదలైన ఘట్టాలను తెలిపే బొమ్మలు కూడా ఉన్నాయి. భద్రాచలంలో శ్రీరామనవమికి కల్యాణం చూసి తలంబ్రాలు తీసుకొన్న యాత్రికులు చాలామంది మరునాడో, అదే రోజునో పర్ణశాలకు వస్తారు. పెళ్ళి ఒకచోట, ఎడబాటు మరొకచోట. ఈ రెంటికీ మధ్య ప్రయాణం గంటసేపు.

గ్రంథాలలో ఉన్నది, లేనిది

లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదు. అక్కడ మారీచుని ఆర్తనాదం విని సీత లక్ష్మణుని వెళ్ళమంటుంది. అతడు వెళ్ళకపోతే అనరాని మాటలంటుంది. లక్ష్మణుడు ఆమెను కాపాడవలసినదిగా వనదేవతలను వేడుకొని కదులుతాడు. గీత గీయడు. తులసీదాసు రామచరితమానసంలో కూడా అరణ్యకాండలో ఈ ప్రస్తావన రాదు, తరువాత లంకాకాండలో మండోదరి మాటలలో వస్తుంది. తెలుగులో గోన బుద్ధారెడ్డి రచించిన రంగనాథ రామాయణంలో (13వ శతాబ్దం) లక్ష్మణుడు గీతలు గీసిన వృత్తాంతం ఉన్నది. దూరదర్శన్‌లో 1987 జనవరి 25 నుండి 1988 జూలై 31 వరకు ప్రసారమైన రామానంద్ సాగర్ రామాయణం ఈ గీతను ప్రతి ఇంటికీ చేర్చింది. హిందీ రానివారు కూడా ఆదివారం ఉదయం పనులు మానుకొని దానిని చూశారు.

గీత చేరడం వలన కథలో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. వాల్మీకిలో సీత, వచ్చినవాడు బ్రాహ్మణుడు, అతిథి, మాట్లాడకపోతే శపిస్తాడేమోనని తలచి ఆదరిస్తుంది. తప్పు మోసగించినవానిది. గీత వచ్చిన తరువాత సీత హద్దు దాటినందువల్లనే కష్టం వచ్చిందనే మాట పుట్టింది. 'లక్ష్మణరేఖ దాటకు' అని ఆడపిల్లలకు చెప్పే పెద్దలు ఉన్నారు. సన్యాసి వేషం వేయకు అని మగపిల్లలకు చెప్పే సామెత మాత్రం పుట్టలేదు.

శూర్పణఖ ఘట్టం దీనికన్నా ముందు జరిగినది. ఆమె రామునితో తన కోరికను సూటిగా చెబుతుంది. రాముడు పరిహాసంగా తాను వివాహితుడనని, లక్ష్మణుని దగ్గరకు వెళ్ళమని అంటాడు. లక్ష్మణుడు తిరిగి రాముని దగ్గరకే పొమ్మంటాడు. ఆమె ఆ పరిహాసాన్ని గ్రహించలేదని వాల్మీకి చెబుతాడు. కోపంతో ఆమె సీత మీదికి వెళ్ళగా లక్ష్మణుడు ముక్కుచెవులు కోస్తాడు. ఆమె దాడిచేయబోయిన మాట నిజమే. అయినా ప్రేమను తానుగా అడిగిన స్త్రీ హాస్యానికి పాత్రమవుట అనే అంశం ఇక్కడ నుండే కనిపిస్తుంది.

మారువేషాల హాస్యం

విజయా సంస్థ నిర్మించిన మిస్సమ్మ (1955, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్) తెలుగు ప్రణయ హాస్యచిత్రాలలో మేటి. ఉద్యోగం కోసం ఎం.టి.రావు (ఎన్.టి.రామారావు), క్రైస్తవురాలైన మేరీ (సావిత్రి) భార్యాభర్తలుగా నటించడానికి ఒప్పుకొంటారు. కొరియా ధారావాహికలలో బాగా ప్రసిద్ధమైన ఒప్పందపు పెళ్ళి కథ (ఉదాహరణకు 2004 నాటి ఫుల్ హౌస్) తెలుగువారు అంతకు అర్ధ శతాబ్దం ముందే చూశారు. మిస్సమ్మలో మెచ్చుకోదగినది ఏమంటే అబద్ధంలో ఇద్దరికీ సమాన వాటా ఉన్నది. షరతులు మేరీ కూడా పెడుతుంది. అయితే చివరకు మేరీ జమీందారు తప్పిపోయిన కుమార్తె మహాలక్ష్మి అని తేలడంతో మతాంతర వివాహమనే చిక్కు రాకుండానే కథ ముగుస్తుంది. గీత దాటినట్లే ఉంటుంది గాని దాటలేదు.

గుండమ్మ కథ (1962) దీనికి భిన్నం. ఇందులో ఇద్దరు నాయకులూ తాము ఎవరో దాచి గుండమ్మ ఇంట ప్రవేశిస్తారు. అంజి సేవకుడుగా చేరి లక్ష్మిని పెళ్ళాడతాడు. రాజా తన ఐశ్వర్యం దాచి, గర్విష్ఠి అయిన సరోజను పెళ్ళాడి, ఆమెచేత కాయకష్టం చేయించి దారికి తెస్తాడు. సినిమా నేటికీ నవ్విస్తుంది. కాని వేషం వేసి పెళ్ళాడినందుకు సరోజను ఎవరైనా క్షమాపణ అడిగారా అని చూస్తే, మారాలనే మాట ఆమె ఒక్కదానికే వర్తించిందని అర్థమవుతుంది. రావణుని వేషం అపరాధం, నాయకుని వేషం చమత్కారం.

మాయాబజార్ (1957)లో మారువేషం తలక్రిందులైంది. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. పెళ్ళిపీటల మీద ఆమె మగరాయనివలె ప్రవర్తించి లక్ష్మణకుమారుని హడలగొట్టడం చూసి ప్రేక్షకులు నవ్వుతారు. సావిత్రి అభినయం అనితరసాధ్యం. ఆడపిల్ల అంత ధైర్యంగా ఉండాలంటే లోపల రాక్షసుడైనా ఉండాలి అన్నట్లు ఆ హాస్యం ఉంటుంది.

రాజశేఖరం వారసులు

యద్దనపూడి సులోచనారాణి (మరణం 2018) వ్రాసిన సెక్రటరీ నవల 1960లలో వెలువడి తరువాత అనేక ముద్రణలు పొందింది. ధనవంతుడు, అందగాడు, అహంభావి అయిన రాజశేఖరం, అతని దగ్గర ఉద్యోగానికి చేరిన ఆత్మాభిమానం గల జయంతి ఇందులో ముఖ్యపాత్రలు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు, వాణిశ్రీలతో ఇది సినిమాగా వచ్చింది.

ఇదే అచ్చు ఆసియా అంతటా కనిపిస్తుంది. యోకో కామియో జపానులో వ్రాసిన హనా యోరి దాంగో అనే బొమ్మల కథ తైవానులో మీటియర్ గార్డెన్ (2001)గాను, కొరియాలో బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్ (2009)గాను టెలివిజన్‌కు వచ్చింది. గర్విష్ఠి ధనిక యువకుడు, లొంగని బీద బాలిక, వేధింపుతో మొదలై ప్రేమతో ముగిసే సంబంధం వీటి సారం. నాయకుడు నాయిక మణికట్టు పట్టి ఈడ్చుకొనిపోవడం కొరియా ధారావాహికలలో ఎంత మామూలంటే అది వాటి ముద్ర అయిపోయింది. యద్దనపూడి నాయకుడు ఇంతకన్నా మర్యాదస్తుడు. ఆమె పాఠకురాళ్ళలో అత్యధికులు మధ్యతరగతి గృహిణులు, ఉద్యోగినులు. ఈ నవలలు కలల బేరమని విమర్శించిన వారున్నారు. అయితే 1960లలో కార్యాలయంలో పనిచేసే అవివాహిత స్త్రీని గౌరవంగా, సొంత మాట గల మనిషిగా నిలబెట్టిన కథలుగా కూడా వీటిని చదవవలసి ఉంటుంది. స్టార్ మా ప్రసారం చేసిన గుప్పెడంత మనసు (2020-2024) ధారావాహికలోని కళాశాల యజమాని రిషి, తెలివైన విద్యార్థిని వసుధారల జంట రాజశేఖరం, జయంతిల దూరపు వారసులే.

గోదావరి మీద ప్రయాణం

రాజమండ్రి నుండి భద్రాచలానికి పడవ ప్రయాణం ఆధారంగా రెండు ప్రసిద్ధ ప్రణయ హాస్యచిత్రాలు వచ్చాయి. మొదటిది బాపు దర్శకత్వం, ముళ్ళపూడి వెంకటరమణ రచనతో వచ్చిన అందాల రాముడు (1973). రెండవది శేఖర్ కమ్ముల తీసిన గోదావరి (2006). రెండవదానిలో నాయికానాయకుల పేర్లు సీత, శ్రీరామ్. సీత (కమలినీ ముఖర్జీ) దుస్తుల దుకాణం నడుపుకొనే అమ్మాయి. వ్యాపారం కుంటుపడి, పెళ్ళిసంబంధం బెడిసి, మనసు మార్చుకోవడానికి ఒంటరిగా పడవ ఎక్కుతుంది. శ్రీరామ్ (సుమంత్) ఆమె వెంటపడడు, అతని మనసు మేనమరదలి మీద ఉంటుంది. అలకలు, మాటపట్టింపులు, తోటి ప్రయాణికుల మధ్య పరిచయం మెల్లగా ముదురుతుంది. సీత ముందుగా ఇష్టపడినా సినిమా ఆమెను నవ్వులపాలు చేయలేదు. శూర్పణఖ ఘట్టం జరిగిందని చెప్పే ఒడ్డుకు పోయే దారిలోనే ఈ కథ నడవడం విశేషం. అదే దర్శకుని ఆనంద్ (2004)లో రూప పెళ్ళినాడు తల్లి చీర కట్టుకోవడం దగ్గర వచ్చిన వివాదంతో ఆ పెళ్ళినే కాదనుకొంటుంది.

బొమ్మరిల్లు (2006) గీత గీసిన తండ్రిని ఎదుట నిలబెట్టిన చిత్రం. హాసిని వారం రోజులు నాయకుని ఇంట ఉండి అందరి మెప్పు పొందాలి. ఆమె ప్రయత్నించి, తనను తాను పోగొట్టుకొంటున్నానని గ్రహించి వెళ్ళిపోతుంది. గీత లోపల ఊపిరి ఆడనిది కొడుక్కి కూడా అని ఈ సినిమా చెప్పింది. పెళ్ళిచూపులు (2016)లో చిత్రకు వ్యాపారం పట్ల ఉన్న పట్టుదల ముందు నాయకుని బద్ధకమే హాస్యవస్తువు.

వెంటపడుట

2000 తరువాతి ప్రేమచిత్రాలలో నాయిక వద్దన్నా వదలని నాయకుడు సర్వసాధారణం అయ్యాడు. ఇడియట్ (2002), ఆర్య (2004) వీటిలో బాగా ఆడినవి. ఆర్యలో గీత అప్పటికే వేరొకరిని ప్రేమించిన అమ్మాయి. ఆర్య ఆమెను ఏమీ అడగకుండా ప్రేమిస్తాననడం కొత్తగా అనిపించి యువకులు ఆదరించారు. వినోదంగా బాగున్నా, 'వద్దు' అనే మాటకు 'ఇంకా అడుగు' అని అర్థం చెప్పిన కథ అది. ఇదే పని ఆడది చేస్తే ఆ పాత్ర హాస్యనటికి పోతుంది.

సినిమా వలననే నేరాలు జరుగుతాయని తేల్చి చెప్పలేము. కాని వీధిలోను, కళాశాల దారిలోను దీని రూపం వేరు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద ఆమ్లదాడి జరిగి రాష్ట్రమంతా కలవరపడింది. స్త్రీ ఇష్టం లేదని స్పష్టంగా తెలిపిన తరువాత కూడా పదేపదే వెంటపడడాన్ని 2013 సవరణతో భారత శిక్షాస్మృతి 354-డి సెక్షన్ నేరంగా చేసింది. మొదటిసారికి మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు శిక్ష. 2024 జూలై 1 నుండి ఇది భారతీయ న్యాయసంహిత 78వ సెక్షన్‌లో ఉన్నది. తెలంగాణలో 2014 అక్టోబరులో షీ టీములు ఏర్పడ్డాయి. తెర మీద రెండున్నర గంటలు సాగే నాయకుని పట్టుదల చట్టం దృష్టిలో చాలావరకు ఈ సెక్షన్ క్రిందికి వస్తుంది.

ధారావాహికలు

టెలివిజన్‌లో మొదట హాస్యం ఇంటిలో పుట్టింది. జెమినీ టీవీలో 2001 నుండి 2007 వరకు వచ్చిన అమృతం (గుణ్ణం గంగరాజు)లో అమృతరావు, ఆంజనేయులు తెలివితక్కువ పథకాలు వేస్తే సంజీవని, శాంత వాటి ఫలితం అనుభవిస్తారు. భార్యలే తెలివిగలవారు, అయినా హోటలు మగవారిది.

తరువాతి దినవారీ ధారావాహికలలో నవ్వు తగ్గి పరీక్ష పెరిగింది. స్టార్ మాలో 2017 అక్టోబరు నుండి 2023 జనవరి వరకు నడిచిన కార్తీకదీపంలో నల్లని రంగు గల దీపను డాక్టర్ కార్తీక్ ప్రేమించి పెళ్ళాడతాడు. తనకు సంతానయోగ్యత లేదని నమ్మించబడి గర్భవతిని అనుమానిస్తాడు. ఆమె ఇల్లు విడిచి, వంటలు చేసి బ్రతుకుతూ 'వంటలక్క'గా ఇంటింటికీ తెలిసింది. కవలపిల్లలు కూడా ఉండడంతో ఇది ఉత్తరకాండకు మారుపేరు అని వేరే చెప్పనక్కరలేదు. వైద్యుడైన భర్త ఒక పితృత్వ పరీక్షతో తీర్చుకోగల సందేహం ఏళ్ళ తరబడి సాగింది. ప్రేక్షకురాళ్ళు దీప పక్షాన ఉన్నారు, అయినా పరీక్ష ఆమెకే. ఇందులో రంగు గురించిన చిన్నచూపును కథావస్తువు చేయడం మెచ్చదగినది.

స్త్రీల రచనలలో

పర్ణశాల ఘట్టాలను తిరిగి చెప్పిన రచనలు తెలుగులో ఉన్నాయి. చలం సీత అగ్నిప్రవేశం నాటిక వ్రాశాడు. రంగనాయకమ్మ రామాయణ విషవృక్షం 1970లలో మూడు భాగాలుగా వచ్చి తీవ్ర వాదవివాదాలకు కారణమైంది. ఓల్గా విముక్త కథలు (2010) 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాయి. వీటిలో మొదటి కథలో అడవిలో ఉన్న సీతను ఒక అందమైన తోట ఆకర్షిస్తుంది. ఆ తోటను పెంచింది శూర్పణఖ. పర్ణశాల ముంగిట నవ్వులపాలైన స్త్రీ, ఇల్లు విడువవలసి వచ్చిన స్త్రీ ఆ కథలో కలుసుకొని మాట్లాడుకొంటారు. తెలుగు టెలివిజన్‌లో ఇటువంటి మాటలకు ఇంతవరకు పెద్దగా చోటు దొరకలేదు. కార్తీకదీపం నటులతోనే 2024 మార్చిలో కార్తీకదీపం - ఇది నవవసంతం అనే కొత్త ధారావాహిక మొదలైంది.