మొక్కు మోసుకొచ్చినవాడు

లష్కర్ బోనాలంటే ఉజ్జయినీ మహంకాళి. ఆ తల్లిని సికింద్రాబాద్‌కు తెచ్చింది డోలీ మోసే ఒక సైనిక కూలీ. గత్తర (కలరా) రోగుల మధ్య నిలబడి మొక్కుకున్న సురిటి అప్పయ్య మనకు వదిలివెళ్లింది ఏమిటి?

ఆషాఢ ఆదివారం తెల్లవారకముందే జనరల్ బజార్ చుట్టుపక్కల వీధులు నిండిపోతాయి. పసుపు పూసిన కొత్త కుండ, దాని మెడకు వేపమండలు, పైన వెలుగుతున్న దీపం, లోపల పాలు బెల్లం కలిపి వండిన అన్నం. ఒక్కో ఇల్లాలి తలమీద ఒక్కో బోనం. పోతరాజులు కొరడా ఝళిపిస్తూ దారి చేస్తారు. డప్పు మోతకు శివసత్తులు ఊగిపోతారు. సాయంత్రానికి రంగురంగుల తొట్టెలు, ఫలహారపు బండ్లు బయల్దేరతాయి. మర్నాడు సోమవారం పచ్చికుండ మీద నిలబడి మాతంగి రంగం చెబుతుంది. వానలెట్లా ఉంటాయి, పంటలెట్లా ఉంటాయి, రోగాలు రొప్పులు వస్తాయా అని ఊరంతా చెవులు రిక్కిస్తుంది. ఆ తర్వాత అమ్మవారు అంబారీ మీద ఊరేగుతుంది.

ఇంత సందడిలో ఒక పేరు మాత్రం ఎక్కడో గానీ వినపడదు. సురిటి అప్పయ్య. ఆయన పూజారి కాదు, బాబా కాదు, వైద్యుడు అంతకన్నా కాదు. ఈస్టిండియా కంపెనీ పటాలంలో డోలీ మోసేవాడు. ఈ జాతరంతా ఆయన తీర్చుకున్న ఒక మొక్కు నుంచి మొదలైంది.

డోలీ కింది భుజం

హైదరాబాద్ పాతబస్తీవాళ్లు సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. ఈ ఊరు పుట్టిందే సైన్యం కోసం. 1798లో నిజాంకూ కంపెనీకీ కుదిరిన ఒప్పందంతో హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన బ్రిటిష్ పటాలాలు గుడారాలు వేశాయి. 1806లో ఆ దండు విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. దండు వెంట బజారు వచ్చింది. బజారు వెంట దర్జీలు, చాకళ్లు, వంటవాళ్లు, గుర్రాలు తోమేవాళ్లు, బరువులు మోసేవాళ్లు వచ్చారు. తుపాకీ పట్టిన ఒక్కో సిపాయి వెనక తుపాకీ పట్టని మనుషులు చాలామందే నడిచేవారు. దండుయాత్రల చరిత్రల్లో సేనాపతుల పేర్లుంటాయి. వీళ్ల పేర్లు ఉండవు.

డోలీ బేరర్లు ఆ పేరులేని జనంలోని వాళ్లే. వెదురు బొంగుకు వేలాడదీసిన పల్లకీలాంటి మంచంలో జబ్బుపడిన సిపాయినో, గాయపడినవాడినో పడుకోబెట్టి పటాలపు ఆసుపత్రి దాకా మోసుకెళ్లడం వాళ్ల పని. ముందిద్దరు, వెనకిద్దరు, దూరం ఎక్కువైతే భుజం మార్చుకోవడానికి మరికొందరు. రోగి వాంతి చేసుకుంటే మీద పడేది వాళ్లకే. దాహమంటే గ్లాసు అందించేదీ వాళ్లే. దారిలో ప్రాణం పోతే ముందు తెలిసేదీ వాళ్లకే.

ఆలయ సంప్రదాయం చెప్పే కథ చిన్నది. 1813లో అప్పయ్య ఉన్న పటాలాన్ని ఉజ్జయినికి పంపారు. అక్కడ గత్తర లేచింది. జనం పిట్టల్లా రాలిపోతుంటే అప్పయ్య, ఆయన తోటివాళ్లు కలిసి మహంకాళి గుడికి వెళ్లారు. ఈ గత్తర ఆగిపోతే తల్లిని తమ ఊరికి తెచ్చి నిలుపుకుంటామని మొక్కారు. గత్తర తగ్గింది. 1815లో లష్కర్‌కు తిరిగి రాగానే కొయ్యతో అమ్మవారి విగ్రహం చేయించి నిలబెట్టారు. 1864లో కొయ్య విగ్రహం స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. దగ్గరలోని బావిని బాగుచేస్తుంటే బయటపడ్డ మాణిక్యాలమ్మను పక్కనే ప్రతిష్ఠించారు. మొదట ఒక కొయ్య బొమ్మతో మొదలైన ఆ గుడి ఈనాడు దేవాదాయ శాఖ చూసుకునే పెద్ద ఆలయం. బోనాలు రాష్ట్ర పండుగ అయ్యాక ప్రభుత్వమే పట్టువస్త్రాలు తెచ్చి సమర్పిస్తోంది.

ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. అప్పయ్య తన జబ్బు తగ్గాలని మొక్కలేదు. తన బిడ్డ కోసమూ మొక్కలేదు. భుజాన మోస్తున్నవాళ్ల కోసం, ఊరు కాని ఊళ్లో తనతోపాటు చిక్కుకున్నవాళ్ల కోసం మొక్కాడు. మొక్కు తీర్చాల్సి వచ్చినప్పుడు ఒక్కడే ముడుపు కట్టి ఊరుకోలేదు. తోటివాళ్లను వెంటబెట్టుకుని, ఊరందరికీ చెందేలా తల్లిని బజారు నడుమ నిలిపాడు.

పన్ను చిట్టాలో దొరికిన ఒక మహిమాన్వితుడు

రోగాలు మాన్పినవాడిగా పేరుపడ్డ భక్తులు ప్రతి మతంలోనూ ఉన్నారు. వాళ్లలో అందరికన్నా పెద్ద వారసత్వం వదిలినవాళ్లలో ఒకరిని తలచుకుంటే అప్పయ్య ప్రత్యేకత తేటపడుతుంది. 18వ శతాబ్దంలో, నేటి ఉక్రెయిన్‌లోని మెజిబిజ్ అనే ఊళ్లో ఇజ్రాయెల్ బెన్ ఎలియెజర్ అనే యూదు భక్తుడు ఉండేవాడు. లోకం ఆయన్ను బాల్ షెమ్ టోవ్ అంటుంది. యూదుల్లో భక్తినీ ఆనందాన్నీ పాండిత్యంతో సమానంగా నిలబెట్టిన హసీదీ ఉద్యమానికి మూలపురుషుడాయన. అయితే మొదట ఆయనకు పేరొచ్చింది వైద్యం వల్లే. పవిత్ర నామాలతో రక్షరేకులు రాయించి ఇచ్చేవాడు, మూలికలు వాడేవాడు, జబ్బుమనుషుల కోసం ప్రార్థించేవాడు.

ఆయన మహిమల కథలు వేలకొద్దీ ఉన్నాయి. కానీ ఆయన నిజంగా బతికిన మనిషేనని చరిత్రకారులకు గట్టి రుజువిచ్చింది ఆ ఊరి పన్ను చిట్టా. అందులో ఆయన పేరు వైద్యుడిగా నమోదైంది. యూదు సమాజం ఇచ్చిన ఇంట్లో పన్ను లేకుండా ఉండేవాడని కూడా అవే చిట్టాలు చెబుతున్నాయి. 1760లో ఆయన కన్నుమూశాడు. ఆయన మహిమల కథలు పుస్తకంగా అచ్చయింది ఇంకో యాభై ఏళ్లు దాటాక, 1814-15లో. సరిగ్గా అప్పయ్య లష్కర్‌కు తిరిగొచ్చి కొయ్య విగ్రహం నిలిపిన రోజుల్లోనే.

అక్కడి నుంచి ఇద్దరి దారులూ వేరు. బాల్ షెమ్ టోవ్ తర్వాత శిష్యులు, వారి శిష్యులు గురుపీఠాలు నిలిపారు. ఎన్నో వంశాల్లో తండ్రి తర్వాత కొడుకు రబ్బీ అయ్యాడు. మునిమనవడు రబ్బీ నఖ్మాన్ సమాధి ఉన్న ఉమన్ పట్టణానికి ఏటా యూదుల సంవత్సరాదికి వేలాదిమంది తరలివెళతారు. ఆ దారిలో మహిమ మనిషిది. ఆయన పోయాక అది సమాధికి, వంశానికి చేరింది.

అప్పయ్యకు శిష్యులు లేరు. జనం తరలివెళ్లే సమాధి లేదు. ఆయన చేతి మహిమ గురించి ఎవరూ కథలు చెప్పుకోలేదు. మాన్పింది తల్లి అన్నాడు, తాను పక్కకు తప్పుకున్నాడు. మనకు రోగాన్ని మాన్పినవాడు గుర్తుంటాడు, రోగిని మోసినవాడు గుర్తుండడు. అప్పయ్య పేరు నిలిచింది కూడా మొక్కు తీర్చుకున్నవాడిగానే.

తల్లి చేసిందా, తనంత తానే తగ్గిందా?

ఈ ప్రశ్న వేయకుండా అప్పయ్య కథ చెప్పడం కుదరదు. కలరా మన దేశానికి పాతదే. 1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతంలో మొదలైన విలయం దేశం హద్దులు దాటి లోకాన్ని చుట్టింది. వైద్య చరిత్ర దాన్నే తొలి ప్రపంచ కలరా మహమ్మారిగా లెక్కిస్తుంది. లష్కర్ కథ అంతకు నాలుగేళ్ల ముందుది. అప్పటికి జబ్బుకు కారణం ఎవరికీ తెలియదు. చెడుగాలి అనేవారు కొందరు, అమ్మవారి కోపం అనేవారు మరికొందరు. పటాలపు డాక్టర్లు నెత్తురు తీసి వైద్యం చేసేవారు. ఒంట్లోని నీళ్లన్నీ పోతున్న మనిషికి నెత్తురు కూడా తీస్తే మేలు జరగదు. ఆ రోజుల్లో గుడికి వెళ్లినవాడికీ ఆసుపత్రికి వెళ్లినవాడికీ ఇద్దరికీ మందు లేదు.

కలరా మురికి నీటితో వ్యాపిస్తుందని లండన్‌లో జాన్ స్నో 1854లో నిరూపించాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో ఆ క్రిమిని పట్టుకున్నాడు. టీకా వచ్చింది ఇంకో యూదుడి చేతుల్లోంచి. ఒడెస్సాలో పుట్టిన వాల్డెమార్ హాఫ్కిన్ 1892లో ముందు తన ఒంట్లోకే సూది గుచ్చుకుని, మరుసటి ఏడాది భారతదేశం వచ్చి కలరా టీకా వేశాడు. ప్లేగు టీకా కూడా బొంబాయిలో ఆయన చేతి మీదే పుట్టింది. అదే హాఫ్కిన్ చివరి రోజుల్లో నిష్ఠ గల భక్తుడయ్యాడు. తూర్పు ఐరోపాలోని యూదు వేదపాఠశాలలకు తన ఆస్తి రాసిచ్చాడు. సూదీ ప్రార్థనా ఆయనలో తగువు పడలేదు.

లష్కర్‌కు తనదైన శాస్త్రవేత్త కూడా ఉన్నాడు. 1895లో కలరా అణచడానికి బెంగళూరు వెళ్లిన సైనిక డాక్టర్ రోనాల్డ్ రాస్ మళ్లీ సికింద్రాబాద్ చేరాడు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ కనుక్కున్నాడు. దోమకాటుకు ఒప్పుకున్న హుస్సేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. నల్లకుంటలో మనవాళ్లు కోరంటి దవాఖాన అని పిలుచుకునే అంటువ్యాధుల ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు. హుస్సేన్ ఖాన్‌ను తలచుకునేది మాత్రం ఆ ప్రయోగం కథ చెప్పేటప్పుడే. ఒళ్లు అప్పగించినవాడు కూడా డోలీ మోసినవాడిలాగే వెనక వరుసలో ఉండిపోయాడు.

కాబట్టి ఉజ్జయినిలో గత్తర తగ్గడానికి కారణం శాస్త్రం చెప్పగలదు. సోకాల్సినవాళ్లకు సోకి, జనం చెదిరిపోయి, వాన నీరు మారి, ఏ మహమ్మారి అయినా ఒకనాటికి వెనక్కి తగ్గుతుంది. కానీ ఆ రోజు అప్పయ్యకు కావలసింది కారణం కాదు. మర్నాడు పొద్దున లేచి మళ్లీ డోలీ కిందికి భుజం పెట్టే ధైర్యం. చావు అంటుకుంటుందని తెలిసీ పారిపోకుండా ఉండటానికి ఆ మనుషులకు ఏదో ఒక ఆసరా కావాలి. మొక్కు ఆ ఆసరా అయ్యుంటుంది. రోగాన్ని మాన్పకపోయినా రోగి పక్కన మనిషిని నిలబెట్టింది. మందు దొరకని కాలంలో అది చిన్న సంగతి కాదు.

తర్వాతి చరిత్ర ఈ మాటను బలపరిచింది. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకు పడిపోయాయి. ఆ నీళ్లను రోగులకు పట్టిందెవరు? చాలాచోట్ల వాళ్ల అమ్మలు, అక్కలు, పక్కనున్నవాళ్లు. మందు ఎంత గొప్పదైనా రోగి తల ఎత్తి నోటికి గ్లాసు పెట్టే చెయ్యి కావాలి.

మహమ్మారి పండుగను మహమ్మారే ఆపిన ఏడు

2020లో లష్కర్ ఒక వింత చూసింది. గత్తర ఆగిందని పుట్టిన పండుగ, కరోనా వల్ల ఆగింది. బోనాలు ఇళ్లలోనే వండుకోమన్నారు. గుడిలో పూజలు, రంగం భక్తులు లేకుండానే జరిగాయి. అక్కడికి కొద్ది దూరంలో ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి మొత్తం కరోనా రోగులతో నిండిపోయింది. కిట్లు తొడుక్కుని స్ట్రెచర్లు తోసిన వార్డ్‌బాయ్‌లు, మంచాలు తుడిచిన ఆయాలు, మృతదేహాలను శ్మశానానికి చేర్చిన పారిశుధ్య కార్మికులు ఆ ఏటి డోలీ బేరర్లు.

108 అంబులెన్స్ మొదలైంది కూడా ఈ జంటనగరాల్లోనే, 2005 ఆగస్టు 15న. ఇప్పుడు డోలీకి చక్రాలూ సైరనూ వచ్చాయి. లోపల కూర్చున్న టెక్నీషియన్ పని మాత్రం రెండు వందల ఏళ్ల నాటిదే. ప్రాణం పోకముందే చేర్చాలి.

వారసత్వం ఎవరి చేతిలో

అప్పయ్య వారసత్వమంటే ఇన్నాళ్లూ మనం గుడినే చూపిస్తున్నాం. సురిటి వంశంవారికి ఆలయంతో అనుబంధం ఇప్పటికీ ఉంది. గుడి పెరిగింది, జాతర పెరిగింది, బందోబస్తు పెరిగింది. మొక్కుల తీరు మాత్రం కాస్త మారింది. ఇప్పుడు క్యూలో నిలబడ్డవారిలో ఎక్కువమంది తమ ఇంటి కోసం మొక్కుతారు. ఉద్యోగం, పెళ్లి, వీసా, ఆపరేషన్. తప్పేం లేదు, ఎవరి కష్టం వారిది. కానీ ఈ గుడి పునాదిలో ఉన్న మొక్కు వేరు. అది అందరి తరఫునా ఒకడు చేసుకున్నది.

ఆషాఢం వచ్చిందంటే మన బస్తీల్లో నల్లా నీటిలో మురుగు కలవడం, విరేచనాల కేసులు పెరగడం ఇంకా పోలేదు. అప్పయ్య మొక్కుకు అసలు శత్రువు అదే. పండుగకు ముందు గుడి దారి ఊడ్చినంత శ్రద్ధగా వెనక సందుల్లోని పైపులు చూస్తే, అంబులెన్స్ సిబ్బందికీ ఆసుపత్రి కాంట్రాక్టు కార్మికులకూ జీతం వేళకు అందితే, ఆ మొక్కు బతికున్నట్టు. బోనం ఎత్తుకునే చేతులు చాలానే ఉన్నాయి. డోలీ మోసే భుజాలను ఊరు ఎలా చూసుకుంటోందన్నదే అప్పయ్య పేరు మీద మనం ఏటా చెప్పుకోవాల్సిన లెక్క.