పాత ఈపీలకు ధర కట్టేదెలా?

నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల వినైల్ రికార్డును 1949లో అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ తెచ్చింది. అక్కడ అది పక్కకొక్క పాటతో సింగిల్‌గా నిలబడితే, మన సినిమా పాటలకు పక్కకు రెండేసి చొప్పున నాలుగు పాటల ఈపీగా బాగా చలామణి అయింది. తెలుగు ఈపీల కోసం కలకత్తా వైపు చూడడంలో వింతేమీ లేదు. గ్రామఫోన్ కంపెనీ 1908లో సీల్దాలో ఫ్యాక్టరీ పెట్టి, 1928లో దమ్‌దమ్‌కు మారింది. హెచ్ఎంవీ, కొలంబియా లేబుళ్ల తెలుగు పాటలూ అక్కడే అచ్చయ్యేవి. కలకత్తా శివారు బడ్జ్ బడ్జ్ నుంచి లోకల్ రైల్లో సీల్దా చేరి, అక్కడినుంచి ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌కు వెళ్తే పాత రికార్డుల దుకాణాలు కనిపిస్తాయి.

బేరంలో తేడా అంతా గ్రేడుతోనే. అమెరికన్ పత్రిక గోల్డ్‌మైన్ పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉంది: మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, పూర్. పేరులో 'గుడ్' ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. ఆ మెట్టు రికార్డు పాడుతుంది గానీ గరగర తప్పదు. నియర్ మింట్ ధరలో వెరీ గుడ్ ప్లస్‌కు దాదాపు సగం, వెరీ గుడ్‌కు పావు వంతు కట్టడం ఆ లెక్క. కవరుకు వేరే గ్రేడు.

మెరుపును నమ్మితే మోసపోతారు. రికార్డును దీపం కింద ఏటవాలుగా తిప్పి చూడాలి. బరువైన చేయి, అరిగిన ముల్లు ఉన్న ప్లేయర్లలో తిరిగినవాటి గాడులు బూడిదరంగుకు మారతాయి. పాట హెచ్చుస్థాయికి వెళ్లినచోట గొంతు చీలుతుంది. లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ ఇరుసు గీసిన సన్నని గీతలుంటే చాలాసార్లు పెట్టినట్టే. పైపై గీతలు వినబడకపోవచ్చు, గోటికి తగిలే గీత మాత్రం ప్రతి చుట్టులోనూ టక్కుమంటుంది. లేబుల్ పక్క నున్నని భాగంలో చెక్కిన నంబరును లేబుల్ మీది నంబరుతో పోల్చుకోవాలి. చివరి పరీక్ష చెవిదే. కంటితో మాత్రమే గ్రేడు కట్టామనే అమ్మకందారును రికార్డు పెట్టి వినిపించమనడం న్యాయమే.

హుగ్లీ ఒడ్డు తేమకు కవర్లు బూజు పడతాయి. వినైల్ మీది బూజు కడిగితే పోతుంది కానీ, కవరు మరక పోదు. లక్కతో చేసిన పాత 78 చుట్ల రికార్డులను కడగడానికి మాత్రం స్పిరిట్ వాడకూడదు. లక్క అందులో కరిగిపోతుంది.