స్టెప్నీ

స్టెప్నీ అనగా వాహనపు చక్రాలలో ఏదైనా ఒకటి పంక్చరు అయినప్పుడు దాని స్థానంలో బిగించుటకు వాహనంలోనే ఉంచుకొనే అదనపు చక్రం. కారులో దీనిని సాధారణంగా డిక్కీ అడుగున, కొన్ని జీపు తరహా వాహనాలలో వెనుక తలుపుపైన అమరుస్తారు. బజాజ్ చేతక్ వంటి పాత స్కూటర్లకు కూడా స్టెప్నీ ఉండేది. ఇటీవలి కాలంలో స్టెప్నీ లేకుండానే అమ్ముతున్న కార్లు పెరిగాయి. అందువలన స్టెప్నీ లేకుండా ప్రయాణించవచ్చునా అన్న ప్రశ్న సాధారణమైంది.

పేరు, చరిత్ర

తొలినాటి మోటారు కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పాడైతే దారిలోనే విప్పి బాగుచేసుకోవలసి వచ్చేది. 1904లో వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణానికి చెందిన థామస్ డేవిస్, వాల్టర్ డేవిస్ అను సోదరులు పాడైన చక్రానికి పక్కన బిగించగల అదనపు చక్రాన్ని తయారుచేశారు. దానికి ఆకులు ఉండేవి కావు. గాలి నింపిన టైరు, రిమ్ము మాత్రమే ఉండేవి. వారి దుకాణం ఉన్న స్టెప్నీ వీధి పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. భారతదేశంలో ఆ పేరు నేటికీ వాడుకలో ఉంది.

చట్టం

భారతదేశంలో వాహనాల నిర్మాణం, పరికరాలకు సంబంధించిన నిబంధనలు కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లో ఉన్నాయి. 2020 జూలైలో ఈ నియమావళిని సవరించారు. దీని ప్రకారం 3.5 టన్నులకు మించని ప్రయాణికుల కార్లలో ట్యూబులెస్ టైర్లు, టైరు రిపేరు కిట్టు, టైరులోని గాలి పీడనం తగ్గితే డ్రైవరును హెచ్చరించే వ్యవస్థ (టి.పి.ఎం.ఎస్.) ఉన్నట్లయితే స్టెప్నీ తప్పనిసరి కాదు. స్టెప్నీని తొలగించడం వలన స్థలం మిగులుతుంది, బరువు తగ్గుతుంది. విద్యుత్ కార్లలో బ్యాటరీకి చోటు కావలసి ఉన్నందున ఇది మరింత ఉపయోగకరం.

ఈ సడలింపు కిట్టు, హెచ్చరిక వ్యవస్థ రెండూ ఉన్న కార్లకు వర్తిస్తుంది. ఈ రెండూ లేని పాత కారు నుండి సామాను కోసమో, గ్యాసు సిలిండరు కోసమో స్టెప్నీని తీసివేయడం దీనితో సమానం కాదు.

రిపేరు కిట్టు పరిమితులు

కిట్టులో చిక్కని ద్రవం, గాలి నింపే చిన్న పంపు ఉంటాయి. ద్రవం టైరులోనికి చేరి రంధ్రాన్ని మూసివేస్తుంది. నేలను తాకే భాగంలో మేకు గుచ్చుకొని ఏర్పడిన చిన్న రంధ్రానికి ఇది సరిపోతుంది. గుంత అంచు తగిలి టైరు పక్కభాగం చీలినా, రిమ్ము వంగినా, టైరు పేలిపోయినా కిట్టు ఉపయోగపడదు. అప్పుడు వేరొక చక్రం బిగించాలి, లేదా వాహనాన్ని లాగించుకొని పోవాలి. గాలి లేని టైరుపై కొద్ది దూరం నడిపినా దాని పక్కభాగం నలిగి, వేడెక్కి, బాగుచేయుటకు వీలులేకుండా పాడవుతుంది.

వరంగల్లు పరిసరాల మార్గాలు

నిర్ణయం దారిని బట్టి ఎలా మారుతుందో వరంగల్లు మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి చూపుతుంది. హైదరాబాదు నుండి వరంగల్లుకు సుమారు 145 కిలోమీటర్లు. ఈ దారిలో భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట వరుసగా వస్తాయి. పగటివేళ పంక్చరు దుకాణం ఎంతో దూరంలో ఉండదు. జాతీయ రహదారులపై సహాయానికి 1033 నంబరు ఉంది. కిట్టు ఉన్న కారులో ఈ భాగాన్ని స్టెప్నీ లేకుండా ప్రయాణించడంలో ఇబ్బంది తక్కువ.

అదే రహదారి హనుమకొండ దాటి ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు పోతుంది. ములుగు తరువాత అడవి ప్రాంతం మొదలవుతుంది. తాడ్వాయి అడవుల్లోని మేడారం వరంగల్లుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. రాత్రివేళ ఇక్కడ దుకాణాలు తెరచి ఉండవు, కొన్నిచోట్ల ఫోను సంకేతం అందకపోవచ్చు. రెండేళ్ళకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతర రోజుల్లో వాహనాల రద్దీ వలన లాగుడు బండి చేరుకోవడం కష్టం. ఆగిన వాహనం ఇతరులకు కూడా అడ్డమవుతుంది. పిల్లలతో, వృద్ధులతో ఈ దారిన వెళ్ళేవారికి స్టెప్నీ అవసరం ఎక్కువ.

నిర్ణయించుకొనే విధానం

చాలామంది స్టెప్నీ లేకుండా బయలుదేరేది కావాలని కాదు. ముందు ప్రయాణంలో స్టెప్నీని వాడి, పంక్చరు అయిన చక్రాన్ని బాగుచేయించకుండా డిక్కీలోనే ఉంచడం వలన ఈ స్థితి ఏర్పడుతుంది. ఏళ్ళ తరబడి వాడని స్టెప్నీలో గాలి తగ్గిపోయి ఉండడం కూడా సాధారణం. టైరుపై ముద్రించిన నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. వాడకపోయినా రబ్బరు కాలక్రమేణా గట్టిపడుతుంది.

బయలుదేరే ముందు పరిశీలించవలసినవి:
• నాలుగు టైర్ల గాలి, అరుగుదల, పక్కభాగంలో ఉబ్బులు, చీలికలు
• కిట్టులోని ద్రవం గడువు తేదీ
• స్టెప్నీ ఉంటే దానిలోని గాలి. జాకీ, చక్రపు నట్లు విప్పే పానా
• దారిలో అడవి, రాత్రి ప్రయాణం ఉన్నదీ లేనిదీ

టైర్లు బాగుండి, కిట్టు పనిచేస్తూ, పగటివేళ ఊళ్ళున్న దారిలో వెళ్ళేటప్పుడు స్టెప్నీ లేకపోవడం వలన కలిగే నష్టం సాధారణంగా కొంత కాలయాపనే. వీటిలో ఏది లోపించినా ప్రయాణాన్ని ఆపి, ముందుగా పంక్చరు చక్రాన్ని బాగుచేయించుకోవడం మేలు.

స్టెప్నీ ఉన్నా రద్దీగా ఉన్న రహదారి అంచున చక్రం మార్చడం ప్రమాదకరం. వాహనాన్ని సమతలమైన, సురక్షితమైన చోటికి మెల్లగా చేర్చి, హెచ్చరిక దీపాలు వెలిగించి, వెనుక త్రికోణపు గుర్తు ఉంచి, ప్రయాణికులను రోడ్డుకు దూరంగా నిలబెట్టాలి. ఇందుకు టైరు పాడైనా ఫరవాలేదు.