కంటికి ఆనని విమానాన్ని క్షిపణి ఎలా పట్టుకుంటుంది?

ప్రశ్న: వంద కిలోమీటర్ల అవతల ఉన్న యుద్ధవిమానాన్ని పైలట్ కంటితో చూడకుండానే ఎలా కూల్చగలడు? పత్రికల్లో రాసే ‘రేంజి’ ఎంతవరకు నిజం?

జవాబు: ముందు ఆ దూరాన్ని మన ఊరి లెక్కలోకి తెచ్చుకుందాం. హైదరాబాద్ నాంపల్లి స్టేషన్‌కు సరిగ్గా పైన, పది కిలోమీటర్ల ఎత్తులో ఒక యుద్ధవిమానం ఎగురుతోందనుకోండి. అక్కడి నుంచి గీత గీసి కొలిస్తే నల్గొండ సుమారు 90 కిలోమీటర్లు, వరంగల్ 135. మన అస్త్ర మార్క్-1 క్షిపణికి చెప్పే గరిష్ఠ రేంజి 110 కిలోమీటర్లు. అంటే నల్గొండ దాటుతుంది గానీ సూర్యాపేట అందుకోదు. ఆ అస్త్ర పుట్టిల్లు కూడా మనకు దూరమేమీ కాదు. ఆబిడ్స్ జీపీఓ దగ్గర బయల్దేరి కోఠి, చాదర్‌ఘాట్, సైదాబాద్, సంతోష్‌నగర్ దాటితే కంచన్‌బాగ్. క్షిపణికి రూపం ఇచ్చిన డీఆర్‌డీఎల్, దాన్ని తయారుచేసే భారత్ డైనమిక్స్ రెండూ అక్కడే ఉన్నాయి. 2022 మే 31న రక్షణశాఖ అస్త్ర కోసం భారత్ డైనమిక్స్‌తో రూ.2,971 కోట్ల ఒప్పందం చేసుకుంది.

ఇక అసలు విషయం. కొట్టడం తర్వాతి మాట, ముందు చూడాలి కదా.

రాడార్ రేడియో తరంగాన్ని వదులుతుంది. అది ఎదుటి విమానానికి తగిలి వెనక్కి వస్తుంది. వంద కిలోమీటర్లు వెళ్లి రావడానికి పట్టే కాలం సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. ఆ కాలాన్ని బట్టే దూరం తెలుస్తుంది. ఇంతవరకు స్కూలు పాఠమే. చిక్కంతా బలం దగ్గర వస్తుంది. తరంగం పోయేటప్పుడు చెదిరిపోతుంది, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ చెదిరిపోతుంది. అందువల్ల లక్ష్యం రెండింతల దూరంలో ఉంటే వెనక్కి వచ్చే సంకేతం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. నల్గొండ దాకా చూసే రాడార్‌ను అదే యాంటెన్నాతో రెండింతల దూరం చూడమంటే పదహారింతల శక్తి పెట్టాలి. స్టెల్త్ విమానాలు కట్టేవాళ్లు ఇదే లెక్కను తిరగేసి వాడుకుంటారు. కానీ వాళ్లకూ అది చౌకబేరం కాదు. శత్రు రాడార్ తమను పసిగట్టే దూరాన్ని సగానికి తేవాలంటే తమ ఒంటి మీంచి పోయే తిరుగు సంకేతాన్ని పదహారో వంతుకు కుదించాలి.

రెండో చిక్కు నేల. కింద తక్కువ ఎత్తులో ఎగిరే విమానాన్ని పైనుంచి వెతికితే, దానికంటే ఎన్నో రెట్లు బలంగా గుట్టలూ భవనాలూ తరంగాన్ని తిప్పికొడతాయి. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కి చూడండి. కింద తలలన్నీ ఒకేలా ఉంటాయి, జనానికి ఎదురు నడిచేవాడు ఒక్కడే కంట్లో పడతాడు. రాడార్ చేసేదీ అదే. కదిలే వస్తువు మీంచి వచ్చిన తరంగం పౌనఃపున్యం కాస్త మారుతుంది, దాన్నే డాప్లర్ ప్రభావం అంటాం. నేలతో సమానమైన వేగం చూపే సంకేతాలన్నిటినీ కంప్యూటర్ తీసి పక్కన పెట్టి, వేరే వేగం ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ఈ కిటుకు తెలిసిన పైలట్ రాడార్‌కు అడ్డంగా, లంబకోణంలో తిరిగి ఎగురుతాడు. అప్పుడు రాడార్ వైపు అతని వేగం దాదాపు సున్నా. కాసేపు నేలలో కలిసిపోతాడు.

పాత రాడార్లలో పళ్లెం లాంటి యాంటెన్నాను మోటారు అటూ ఇటూ తిప్పేది. ఇప్పటి ఏఈఎస్‌ఏ రాడార్‌లో ఏదీ తిరగదు. ముక్కులో ఉన్న బిళ్ల నిండా చిన్న చిన్న మాడ్యూళ్లు ఉంటాయి. ఒక్కోటీ సొంతంగా తరంగాన్ని పంపుతుంది, అందుకుంటుంది. ఎన్ని ఉంటాయో మనమే లెక్క కట్టవచ్చు. యుద్ధవిమాన రాడార్ల తరంగదైర్ఘ్యం సుమారు 3 సెంటీమీటర్లు. మాడ్యూళ్లను అందులో సగం దూరానికి, అంటే ఒకటిన్నర సెంటీమీటరుకు ఒకటి చొప్పున పేర్చాలి. అరవై సెంటీమీటర్ల బిళ్లలో వెయ్యికి పైగా పడతాయి. ఏ మాడ్యూల్ తరంగాన్ని ఎంత ఆలస్యంగా వదలాలో మారిస్తే చాలు, కిరణం ఆకాశంలో ఈ మూల నుంచి ఆ మూలకు రెప్పపాటులో మారుతుంది. ఒకదాన్ని వెంటాడుతూనే మరో పదింటిని వెతకవచ్చు. నాలుగు మాడ్యూళ్లు చెడిపోయినా రాడార్ మూగబోదు.

ఆ మాడ్యూళ్లలోని పదార్థం కొత్తదేమీ కాదు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మొబైల్ రిపేరు కౌంటర్ల మీద ఫోన్లు విప్పి పెట్టి ఉంటాయి కదా, ఆ బోర్డుల మీద టవర్‌కు సిగ్నల్ పంపే యాంప్లిఫయర్ చిప్పుల్లో చాలావరకు గాలియం ఆర్సెనైడ్‌తో చేసినవే. ఏఈఎస్‌ఏ మాడ్యూళ్లను నడిపిందీ ఇదే. మరింత శక్తినీ వేడినీ తట్టుకునే గాలియం నైట్రైడ్ ఇప్పుడు దాని చోటు తీసుకుంటోంది. గాలియం ఆర్సెనైడ్ చిప్పులు చేసే డీఆర్‌డీవో కేంద్రం గేటెక్ హైదరాబాద్‌లోనే ఉంది. తేజస్ యుద్ధవిమానం కోసం ఉత్తమ్ అనే ఏఈఎస్‌ఏ రాడార్‌ను మాత్రం బెంగళూరులోని ఎల్‌ఆర్‌డీఈ రూపొందించింది.

సరే, కనబడింది. ఇక క్షిపణి వదలాలి. రాడార్ చూపెట్టినచోటికి అది నేరుగా పోతుందనుకుంటారు చాలామంది. అలా పోతే ఎప్పటికీ తగలదు. అరవై సెంటీమీటర్ల యాంటెన్నా కిరణం దాదాపు మూడు డిగ్రీల వెడల్పు ఉంటుంది. వంద కిలోమీటర్ల దూరానికి అది ఐదు కిలోమీటర్లకు విచ్చుకుంటుంది. లెక్కలతో దాన్ని ఎంత సన్నం చేసినా అంత దూరాన విమానం చోటు వందల మీటర్ల తేడాతోనే తెలుస్తుంది. క్షిపణి వార్‌హెడ్‌కు కావలసింది కొన్ని మీటర్ల దగ్గరితనం. అందుకే ప్రయాణం రెండు అంచెల్లో సాగుతుంది. మొదట క్షిపణి తన జడత్వ మార్గదర్శక వ్యవస్థతో లక్ష్యం చేరబోయే చోటికి బయల్దేరుతుంది. దారిలో విమానం డేటాలింకు ద్వారా తాజా సమాచారం పంపుతూ ఉంటుంది. చివరి కొద్ది కిలోమీటర్లలో క్షిపణి ముక్కులోని బుల్లి రాడార్, అంటే సీకర్, కళ్లు తెరుస్తుంది. ఎదుటి పైలట్ కాక్‌పిట్‌లో హెచ్చరిక మోగేది చాలాసార్లు అప్పుడే. అతని చేతిలో మిగిలేది కొన్ని సెకన్లు. ఇలాంటి హెచ్చరికలూ జామర్లూ తయారుచేసే డీఎల్‌ఆర్‌ఎల్ చాంద్రాయణగుట్ట దగ్గర ఉంది. కత్తులూ డాళ్లూ ఒకే ఊళ్లో తయారవుతున్నాయన్నమాట.

రేంజి సంగతికి వద్దాం. మామూలు క్షిపణి రాకెట్ మోటారు మండేది కొన్ని సెకన్లే. తర్వాతదంతా ఆ ఊపు మీదే ప్రయాణం. ఉదాహరణకు ఒక క్షిపణి రెండు నిమిషాల్లో 100 కిలోమీటర్లు పోగలదనుకుందాం. లక్ష్యం సెకనుకు 300 మీటర్ల వేగంతో ఎదురొస్తే ఆ రెండు నిమిషాల్లో అదే 36 కిలోమీటర్లు దగ్గరికి వస్తుంది. కాబట్టి 136 కిలోమీటర్ల దూరం నుంచే క్షిపణి వదలవచ్చు. వెనక్కి తిరిగి పారిపోతే 64 కిలోమీటర్ల లోపు నుంచి వదిలితేనే అందుకుంటుంది. అదే క్షిపణి, అదే మోటారు, తేడా రెండింతలకు పైనే. ఎత్తు సంగతి ఇంకా ఉంది. పది కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో మూడో వంతే. తక్కువ ఎత్తున వదిలితే చిక్కటి గాలి క్షిపణి ఊపును తినేస్తుంది. అందుకే 2025 మే నెలలో చైనా పీఎల్-15 క్షిపణి శకలాలు పంజాబ్‌లో దొరికినప్పుడు టీవీల్లో రేంజి అంకెల మీద సాగిన వాదులాట నాకు దండగ అనిపించింది.

చివర్లోనూ ఊపు తగ్గకుండా చూసేందుకు ఇంకో దారి ఉంది. రాకెట్ ఇంధనంలో ఎక్కువ భాగం ఆక్సిజన్ ఇచ్చే రసాయనమే. ఆ బరువు మోయకుండా దారిలో గాలిని పీల్చుకుంటే ఎక్కువ సేపు మండవచ్చు. మన రఫేల్ విమానాల మీటియార్ క్షిపణి కిటుకు ఇదే. డీఆర్‌డీఎల్ తయారుచేస్తున్న ఎస్‌ఎఫ్‌డీఆర్ అనే ఇంజిన్‌దీ అదే బాట. 2022 ఏప్రిల్ 8న చాందీపూర్‌లో దాన్ని విజయవంతంగా పరీక్షించారు.

నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైనది మోటారు కాదు, సీకర్. 178 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో ఒక రాడార్‌ను ఇరికించి, జామర్ల గోలలో లక్ష్యాన్ని వదలకుండా పట్టుకోవాలి. మనం చాలాకాలం అందులో విదేశీ సాయం మీద ఆధారపడ్డాం. స్వదేశీ రేడియో సీకర్‌తో అస్త్రను 2025 జులై 11న ఒడిశా తీరంలో సుఖోయ్-30 మీంచి రెండుసార్లు ప్రయోగించారు, రెండూ లక్ష్యాల్ని ఛేదించాయి. ఇకమీదట ఏ క్షిపణి గురించి చదివినా కిలోమీటర్ల అంకె చూసి ఆగిపోకండి. ఎంత ఎత్తు నుంచి వదిలితే అంత దూరం పోతుంది, లక్ష్యం ఎదురొస్తోందా పారిపోతోందా, సీకర్ ఎవరిది అని అడగండి.