బరువు తగ్గితే నడుము నొప్పి పోతుందా?

కందుకూరులో శుక్రవారం నమాజుకు నిలబడిన ప్రతిసారీ మస్జిదులో కుర్చీలు పెరుగుతున్నట్లే తోస్తుంది. వాటిలో కూర్చునేవారందరూ వృద్ధులు కారు. నలభై ఏళ్లు నిండనివారు సైతం రుకూలో వంగలేక, సజ్దాలో నుదురు నేలకు ఆనించలేక బాధపడుతున్నారు.

మా వద్ద చదువుకునే ఒక బాలుని తల్లి ఇటీవల తన భర్తతో ఒక ప్రశ్న పంపారు: “బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటే నా నడుము నొప్పి పోతుందా? మళ్లీ నేలపై సజ్దా చేయగలనా?” అందుకోసం నగలు కుదువపెట్టాలని ఆలోచిస్తున్నారట. మేము వైద్యులము కాము. తెలిసినవారిని అడిగి గ్రహించినదే ఇక్కడ మనవి చేస్తున్నాము.

నీళ్ల బిందెను నడుముకు ఆనించి ఎత్తుకుంటే మోయగలము. అదే బిందెను చేతులు చాచి ముందుకు పట్టుకుంటే క్షణంలో నడుము లాగుతుంది. ముందుకు పెరిగిన పొట్ట వెన్నెముకను పగలంతా అలాగే లాగుతుంది. నడుము వంపు పెరుగుతుంది, వెన్నుపూసల మధ్యనున్న డిస్కులపై ఒత్తిడి అధికమవుతుంది. కనుక బరువు తగ్గితే నడుముకు ఊరట కలుగుతుందనే ఆశ నిరాధారమైనది కాదు.

అయితే ఆ ఊరట అందరికీ లభించదు. ఇటువంటి శస్త్రచికిత్స జరిగిన రెండు వేలకు పైగా రోగులను అమెరికాలో మూడేళ్లు పరిశీలించి, ఆ ఫలితాలను 2016లో ప్రకటించారు. ఒళ్లు నొప్పులు చెప్పుకోదగినంత తగ్గినవారు మొదటి ఏడాది తరువాత నూటికి 58 మంది కాగా, మూడేళ్లకు 49 మందే. అరిగిన డిస్కు, నరంపై ఒత్తిడి, ఎముక జబ్బు వంటి కారణాలు బరువు తగ్గినంత మాత్రాన మాయం కావు.

ఈ శస్త్రచికిత్సలలో ఒక పద్ధతిలో జీర్ణాశయంలో ముప్పాతిక భాగానికి పైగా తొలగిస్తారు. తీసినది తిరిగి రాదు. జీవితాంతం విటమిన్లు, ఇనుము, కాల్షియం వాడాలి. అశ్రద్ధ చేస్తే ఎముకలే బలహీనపడతాయి. బైపాస్ పద్ధతిలో మరొక చిక్కు ఉంది: నడుము నొప్పికి మనము అలవాటుగా మింగే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు అటుపిమ్మట పుండ్లు కలిగించవచ్చు. రమజాన్ ఉపవాసాల విషయమూ వైద్యునితో ముందుగానే మాట్లాడుకోవాలి.

కాబట్టి ఆ సోదరికి మా సమాధానం ఇది. అమ్మా, మొదట ఎముకల వైద్యునికి చూపించి నొప్పికి కారణం తెలుసుకోండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రంపై అదుపు తప్పినా ఒక్కరోజు కూడా ఆగకండి. నడక, వ్యాయామం, మితాహారం చిత్తశుద్ధితో ప్రయత్నించండి. శస్త్రచికిత్స అవసరమని వైద్యులే చెబితే అది చికిత్స, అందులో సిగ్గుపడవలసినది లేదు. నగలు కుదువపెట్టే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో విచారించండి. 2023లో ఉస్మానియా వైద్యులు సుమారు 240 కిలోల యువకునికి ఈ శస్త్రచికిత్స చేశారు.

అంతవరకు కుర్చీలో కూర్చుని చేసే నమాజు తక్కువదని మనసు కష్టపెట్టుకోకండి. నిలబడలేనివారికి కూర్చునే సౌలభ్యాన్ని మన ధర్మమే ఇచ్చింది. వంగలేని నడుమును అల్లాహ్ ఎరుగును, వంగిన హృదయాన్నీ ఎరుగును.